ముక్కు లారీకి కాపలా

ఆటోనగర్‌లో సాయంత్రం షేర్ ఆటో ఎక్కేవాళ్ల చేతుల్లో రకరకాల సామాన్లు కనిపిస్తాయి. ఒకరి చేతిలో ఖాళీ క్యారేజీ, ఇంకొకరి సంచిలో అరిగిపోయిన బేరింగు, మరొకరి ఒళ్లో గుడ్డలో చుట్టిన పంపు. లారీ స్టీరింగు చక్రాన్ని దండలా మెడలో వేసుకుని ఎక్కే మనిషి మాత్రం ఒక్కడే. అతని పేరు బంగార్రాజు. రోజూ పొద్దున ఆ చక్రంతో దిగేవాడు, సాయంత్రం ఆ చక్రంతోనే ఎక్కేవాడు. పక్కవాళ్ల మోకాళ్లకి తగిలితే క్షమించమనేవాడు గానీ, దాన్ని షెడ్డులో వదిలి వచ్చేవాడు కాదు.

జనానికి అదొక కాలక్షేపం. గేరు రాడ్డు కూడా తెచ్చుకుంటే ఇంటిదాకా నువ్వే తోలుకుపోవచ్చు కదా అని ఒకడు, చక్రానికి విడిగా చార్జీ ఇవ్వాలని ఆటో అతను, ఇంటికి వెళ్లాక దాన్ని మంచం మీద పడుకోబెట్టి నువ్వు కింద పడుకుంటావా అని మరొకడు. బంగార్రాజు చక్రం సర్దుకుని కూర్చునేవాడు. అరవై ఐదేళ్ల మనిషి మెడలో ఇనుప చక్రం ఎందుకు మోస్తున్నాడో అడగాలని మాత్రం ఒక్కరికీ తోచలేదు.

ఆ చక్రం 1964లో తయారైన బెడ్‌ఫోర్డ్ లారీది. ఇప్పటి లారీల్లా ముఖం చదునుగా ఉండదు. ఇంజను ముందుకు పొడుచుకుని ఉంటుంది కాబట్టి దాన్ని అందరూ ముక్కు లారీ అనేవారు. నాగబాబు వెల్డింగు షాపు పక్కన బంగార్రాజుకి లారీల కమాన్లు, అంటే బండి కింద ఉండే ఇనుప పట్టీల స్ప్రింగులు, బాగుచేసే చిన్న షెడ్డు ఉంది. ఆ షెడ్డు ముందే వేపచెట్టు కింద లారీ నిలబడి ఉండేది. రోజూ పొద్దున చక్రం బిగించి, ఇంజను స్టార్టు చేసి, పది నిమిషాలు ఆడనిచ్చి, గుడ్డతో ఒళ్లంతా తుడిచి ఆ తర్వాతే అతను పని మొదలుపెట్టేవాడు.

పదేళ్ల క్రితం దాన్ని ఎవరూ కన్నెత్తి చూడలేదు. తర్వాత డబ్బున్నవాళ్లకి పాత వస్తువుల పిచ్చి పట్టింది. అమ్మమ్మల ఇత్తడి బిందెల్ని గోడలకి వేలాడదీసుకునే రోజులొచ్చాయి. అప్పటినుంచి లారీ ఒళ్లు కరగడం మొదలైంది. ఒకరోజు రబ్బరు బుడ్డి హారను మాయం. ఇంకోరోజు గుండ్రటి అద్దం. ముక్కు మీది బొమ్మని ఎవడో ఉలి పెట్టి మరీ పెకలించుకుపోయాడు. దాంతో బంగార్రాజు ముందు చక్రాలకి బండరాళ్లు అడ్డం పెట్టాడు. ఇరుసుని వేపచెట్టుకి గొలుసుతో కట్టి తాళం వేశాడు. స్టీరింగు చక్రం ఊడదీసి మెడలో వేసుకున్నాడు. చక్రం లేని బండిని ఎవడూ తోలుకుపోలేడని అతని ధైర్యం.

అసలు అంత పట్టుదల ఎందుకో చెప్పాలంటే 1977 దాకా వెళ్లాలి. బంగార్రాజుది కొల్లేటి ఒడ్డున చేపలు పట్టుకునే కుటుంబం. కైకలూరు నుంచి బెజవాడ రైలు స్టేషనుకి మంచుగడ్డల్లో చేపలు మోసే ఈ లారీకి క్లీనరుగా చేరాడు. ఓనరు గుడివాడ వైపు రైతు, రామకోటేశ్వరరావు గారు. నవంబరు తుఫానులో దివిసీమ మునిగిందని తెలియగానే ఆయన చేపలు దింపించేసి, అన్నం పొట్లాలు ఎక్కించి లారీని అటు పంపారు. చల్లపల్లి దాటాక రోడ్డు పక్కన కనిపించినవి చూసి డ్రైవరు బండి ఆపేసి, దిగి, కాలవగట్టు మీద కూలబడ్డాడు. ఇక నా వల్ల కాదన్నాడు. అంతకుముందు ఖాళీ జాగాలో బండి వెనక్కీ ముందుకీ తిప్పడం తప్ప ఎరగని పద్దెనిమిదేళ్ల బంగార్రాజు అప్పుడు మొదటిసారి ఆ స్టీరింగు పట్టుకుని రోడ్డెక్కాడు. పడిన చెట్లని తప్పించుకుంటూ నాగాయలంక చేరాడు. పొట్లాలు పంచాడు. తిరిగి వచ్చేటప్పుడు తొట్టినిండా మనుషుల్ని ఎక్కించుకొచ్చాడు.

వాళ్లలో పదమూడేళ్ల పిల్ల ఒకతె ఉంది. తాటిచెట్టుని కరుచుకుని బతికింది. అమ్మ, నాన్న, ఇద్దరు తమ్ముళ్లు, ఇల్లు, పడవ, అన్నీ ఒక్క కెరటంలో పోయాయి. లారీ వెనక తలుపు పట్టుకుని దారి పొడుగునా నిలబడే ఉంది, కూర్చోమన్నా కూర్చోలేదు. ఆ పిల్ల పేరు గంగారత్నం. ఆరేళ్ల తర్వాత బంగార్రాజు ఆమెని పెళ్లి చేసుకున్నాడు. పెళ్లివారు వచ్చింది కూడా ఆ లారీలోనే.

ఎనభై తొమ్మిదిలో కొత్త లారీలు కొన్న రామకోటేశ్వరరావు గారు ముక్కు లారీని బంగార్రాజుకే అమ్మి, ఆర్‌సీ బుక్కు అతని పేరుకి మార్పించారు. ఇంకో ఇరవై ఏళ్లు తోలాడు. 2009లో ఇక ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇవ్వలేమని ఆర్టీవో ఆఫీసులో చెప్పాక, ఒక్కరోజు కూడా దాన్ని రోడ్డెక్కించలేదు. చట్టం వద్దంది, మానేశాడు. ఈ మాట గుర్తుంచుకోండి. ఈ దేశంలో చట్టం వద్దన్న పని మానేసిన మనిషికి ఏం దక్కిందో ఇక చెబుతాను.

ఆటోనగర్‌లో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా వచ్చి జాకీ ఇవ్వమనీ, పెద్ద పానా ఇవ్వమనీ, బండి లాగే గొలుసు ఇవ్వమనీ అడిగితే మారుమాట లేకుండా ఇచ్చేస్తారు. ఏ బండికి అని అడగరు. అడిగితే ఇవ్వడం ఇష్టం లేనట్టు లెక్క. రోజూ పక్కవాడి సామానుతోనే సగం పని నడిచే చోట ఆ ప్రశ్న అడిగినవాడు మర్నాటినుంచి ఎవరి దగ్గరా స్క్రూడ్రైవరు కూడా తెచ్చుకోలేడు. బంగార్రాజు దగ్గర ఉన్న లాగుడు గొలుసు ఆ రోడ్డు మొత్తానికి పెద్దది. కొక్కేనికి ఎర్రరంగు వేసి ఉంటుంది కాబట్టి అదెక్కడ కనిపించినా బంగార్రాజు గొలుసని చిన్నా పెద్దా అందరికీ తెలుసు.

మొన్న జూలైలో ఒక బుధవారం పదకొండు గంటలకి చక్రి అని ముప్పై ఏళ్ల మనిషి షెడ్డుకి వచ్చాడు. పాత బండ్లు కొనిపెట్టే బ్రోకరు. నున్నగా దువ్వుకున్న తల, నోరంతా వినయం. పక్క రోడ్డులో ఒక పాత బండి ఆగిపోయిందనీ, క్రేను తెచ్చామనీ, గొలుసు ఇప్పిస్తారా అనీ అడిగాడు. బంగార్రాజు గొలుసు తీసి అతని భుజాన వేశాడు. చక్రి వెళ్లబోతూ వెనక్కి తిరిగాడు.

"బాబాయ్ గారూ, దానికి స్టీరింగు లేదండీ. లాగితే పక్కకి పోతుందేమో. ఎట్లా అంటారు?"

"లాగమాకయ్యా. ముందు చక్రాలు రెండూ పైకెత్తించు. గొలుసు బంపరుకి తగిలించావంటే ఊడొస్తది, చాసిస్‌కి తగిలించు. అప్పుడు స్టీరింగుతో పనేముంది, వెనక చక్రాల మీద అదే వస్తది."

ఇది బంగార్రాజు చెప్పిన మాటే. అక్షరం మార్చలేదు. నలభై ఏళ్ల అనుభవాన్ని దొంగ చేతిలో పోసి, జాగ్రత్త నాయనా అని సాగనంపాడు. చక్రి దండం పెట్టి వెళ్లాడు. ఒంటిగంటకి బంగార్రాజు మెడలో చక్రం వేసుకుని భోజనానికి ఇంటికి వెళ్లాడు.

రెండున్నరకి తిరిగొచ్చేసరికి వేపచెట్టు కింద రెండు బండరాళ్లు, కోసేసిన తాళం, నేల మీద నల్లటి నూనె మరక ఉన్నాయి. లారీ లేదు. మొదట అతను తప్పు రోడ్డుకి వచ్చాననుకున్నాడు. వెనక్కి వెళ్లి సందు మొదట్లో బోర్డు చూసి మళ్లీ వచ్చాడు. అప్పటికీ లారీ లేదు. మెడలో చక్రం ఉంది.

నాగబాబు వెల్డింగు అద్దాలు పైకెత్తి, ఏమన్నా, రంగు వేయించడానికి పంపావా అని పలకరించాడు. రోడ్డు రోడ్డంతా చూసింది. పట్టపగలు క్రేను వచ్చి లారీ ముక్కు పైకెత్తుతుంటే తలా ఒక చెయ్యి వేశారు. బండరాళ్లు దొర్లించింది టైర్ల షాపువాళ్లు. చెట్టుకున్న తాళం రావడం లేదంటే కట్టరుతో కోసిపెట్టింది నాగబాబే. మలుపులో అడ్డంగా ఉన్న ట్రాలీని జరిపించి దారి ఇప్పించింది కూడా అతనే.

"గొలుసు నీదే కదన్నా. ఎర్ర కొక్కెం చూశాం. నువ్వే పంపావనుకున్నాం," అన్నాడు నాగబాబు. అని, బంగార్రాజు ముఖం చూసి వెల్డింగు మిషను ఆపేశాడు.

బంగార్రాజు నాగబాబుని ఒక్క మాట అనలేదు. అనడానికి ఏముంది? వాళ్లు చేసింది అతను చేసిందే. ఒళ్లు మండింది చక్రి మీద. తాళం పగలగొట్టేవాడు తాళానికే ద్రోహం చేస్తాడు. వీడు ఒకరినొకరు అడగకుండా సామాను ఇచ్చుకునే మంచితనాన్ని పట్టుకుని క్రేనుకి తగిలించాడు. చక్రి ఫోను స్విచ్చాఫ్. సాయంత్రానికి భార్యాభర్తలిద్దరూ పోలీసు స్టేషనుకి వెళ్లారు. ఆ స్టేషను పేరు ఇక్కడ రాయను. ఇంకో పేరు పెట్టినా జరిగేది ఇదే.

రైటరు, అంటే ఫిర్యాదులు రాసుకునే హెడ్ కానిస్టేబులు, బంగార్రాజు చెప్పినదంతా ఓపిగ్గా విన్నాడు. అబద్ధం చేతకాని బంగార్రాజు గొలుసు సంగతీ, తను చెప్పిన సలహా సంగతీ కూడా చెప్పేశాడు. రైటరుకి అదే కావలసి వచ్చింది. నీ గొలుసుతో, నువ్వు చెప్పినట్టే, నీ పక్కషాపువాడే తాళం కోసిస్తే తీసుకెళ్లారు, ఇందులో దొంగతనం ఎక్కడుందయ్యా అన్నాడు. ఆర్‌సీ బుక్కు తిరగేసి, ఫిట్‌నెస్ పోయి పదిహేనేళ్లయింది కాబట్టి ఇది లెక్క ప్రకారం బండే కాదన్నాడు. తుక్కు. తుక్కు పోతే లారీ పోయిందని కేసు రాయడం కుదరదట.

"నాకూ ఫిట్‌నెస్ లేదండీ," అన్నాడు బంగార్రాజు. "మోకాళ్లు అరిగినై, కంట్లో శుక్లాలు. రేపు నన్నెవడన్నా ఎత్తుకుపోతే మా ఆవిడ కంప్లయింటు కూడా తీసుకోరా?"

రైటరు నవ్వాడు. మంచి మాటకారివే అని మెచ్చుకుని, పోయిన దాని విలువ ఎంత ఉంటుందో చెప్పమ్మా అని గంగారత్నాన్ని అడిగాడు. ఆవిడ అప్పటిదాకా గోడవారగా నిలబడి ఉంది.

"ఆడదానికి పుట్టిల్లంటూ ఒకటి ఉంటదిగా బాబూ. నాది సముద్రం తీసుకుపోయింది. నన్ను ఎక్కించుకొచ్చింది ఆ లారీ. మా వాళ్లని చూసిన వస్తువు నాకు అదొక్కటే మిగిలింది. దాని విలువ మీరే రాసుకోండి."

ఫారంలో విలువ అన్న గడిలో రాయడానికి అంకె కావాలి గనుక రైటరు ఏమీ రాయలేదు. కాగితం తీసుకుని, రసీదు ఇవ్వకుండా, చూద్దాం వెళ్లమన్నాడు. పది రోజులు వెళ్లారు. పది రోజులూ చూద్దామన్నారు. ఒకరోజు ఎస్సై బందోబస్తుకి వెళ్లారు, ఒకరోజు కంప్యూటరు పనిచేయలేదు, ఒకరోజు ఏకంగా మీరు మళ్లీ ఎందుకొచ్చారని అడిగారు.

పదకొండో రోజు పొద్దున షెడ్డుకి ఒక ఫోను వచ్చింది. అవతల చాలా మర్యాదగల గొంతు. మా దగ్గర పాత బెడ్‌ఫోర్డ్ లారీ ఒకటుందండీ, షోకి పెట్టాం, దానికి స్టీరింగు లేదు, ఆటోనగర్ అంతా వాకబు చేస్తే ఒరిజినల్ చక్రం మీ దగ్గర ఒక్కరి దగ్గరే ఉందని చెప్పారు, తెచ్చి బిగించిపెడతారా అని అడిగారు. ఎక్కడండీ అన్నాడు బంగార్రాజు. హనుమాన్ జంక్షన్ అన్నారు.

వెంటనే స్టేషనుకి ఫోను చేశాడు. లారీ దొరికింది, వచ్చి ఇప్పించండి అన్నాడు. హనుమాన్ జంక్షన్ మా పరిధి కాదు, అక్కడి వాళ్లని అడుగు అన్నాడు రైటరు. అక్కడ అడిగితే, పోయింది ఇక్కడ కాదు గదా, పోయిన చోట కేసు నంబరు తెచ్చుకో అన్నారు. ఉన్న చోట అడిగితే పోయిన చోటికి, పోయిన చోట అడిగితే ఉన్న చోటికి. బంగార్రాజు ఫోను పెట్టేసి, చక్రం మెడలో వేసుకున్నాడు. నాగబాబు చెప్పకుండానే ఒక బ్యాటరీ, రెండు పానాలు తన ట్రాలీ ఆటోలో పెట్టాడు. తాళం కోసిచ్చిన నాటినుంచి అతను సరిగ్గా అన్నం తినలేదు. గంగారత్నం కూడా ఎక్కి కూర్చుంది. వద్దన్నా దిగలేదు.

హైవే మీద పెద్ద హోటలు అది. పాతకాలం పద్ధతిలో భోజనం అని బోర్డు. ముందర పచ్చిక మీద లారీ నిలబడి ఉంది. దానికి గులాబీ రంగు వేశారు. హెడ్‌లైట్లకి రెప్పవెంట్రుకలు గీశారు. ముక్కు కింద మీసాలు పెట్టారు. చుట్టూ రంగు బల్బుల తోరణాలు. ఎవరో పెళ్లికూతుర్ని బానెట్ మీద కూర్చోబెట్టి ఫొటోలు తీస్తున్నారు. గంగారత్నం ముందుకి వెళ్లలేదు. చుట్టూ తిరిగి వెనక తలుపు దగ్గరికి వెళ్లి, గులాబీ రంగు మీద చెయ్యి పెట్టి నిలబడింది.

ఓనరు హర్షవర్ధన్ ముప్పై ఐదేళ్లవాడు. చెడ్డవాడని చెప్పలేం. అంకుల్ అన్నాడు, కుర్చీ వేయించాడు, మజ్జిగ ఇప్పించాడు. బంగార్రాజు ఆర్‌సీ బుక్కు తీసి చూపించి, ఇది నా లారీ బాబూ అన్నాడు. హర్షవర్ధన్ కూడా తన ఫోనులో చక్రి ఇచ్చిన బిల్లు చూపించాడు. తుక్కు కింద కొన్నాను అంకుల్, అంతా లీగల్ అన్నాడు. సోమవారం చక్రి గ్యాస్ కట్టరుతో వస్తాడట. వెనక తొట్టి కోసి బిర్యానీ కౌంటరు చేస్తారట. ఇంజను తీసేసి, ఆ జాగాలో మంచినీళ్ల సీసాల ఫ్రిజ్జు పెడతారట. ఈ మాటలు చెబుతున్నప్పుడు అతని ముఖం నిజంగా సంతోషంతో వెలిగింది. అంతటితో ఊరుకోలేదు. ఒక ఆలోచన వచ్చినట్టు వేలెత్తాడు.

"అంకుల్, మీరు ఇక్కడే ఉండిపోకూడదా? ఖాకీ డ్రెస్సు వేసుకుని, కేబిన్‌లో కూర్చుని, వచ్చినవాళ్లతో ఫొటో దిగడమే పని. ఒరిజినల్ లారీ, ఒరిజినల్ డ్రైవర్. జీతం మీరు చెప్పినంత."

బంగార్రాజు మజ్జిగ గ్లాసు పక్కన పెట్టాడు. దొంగసొమ్ము ముందు తనని కూడా బొమ్మలా కూర్చోబెడతానంటున్నాడు వీడు, అదీ ఉపకారం చేస్తున్నట్టు. తిట్టడానికి నోటిదాకా చాలా మాటలు వచ్చాయి. వాటిని మింగి, రోజులు లెక్కపెట్టుకున్నాడు. ఈరోజు శనివారం. సోమవారం కట్టరు వస్తుంది. స్టేషన్ల చుట్టూ తిరగడానికి అతని దగ్గర ఇంకో పది రోజులు లేవు.

"ముందు స్టీరింగు బిగించి చూస్తాను," అన్నాడు.

హర్షవర్ధన్ తప్పకుండా అన్నాడు. బంగార్రాజు కేబిన్ ఎక్కి చక్రం బిగించాడు. నాగబాబు బ్యాటరీ తగిలించాడు. డీజిలు ఒక చేదెడు ఉంది. గంగారత్నం వెనకనుంచి వచ్చి పక్క సీట్లో కూర్చుంది. తాళంచెవి తిప్పితే లారీ రెండుసార్లు దగ్గింది, మూడోసారి అందుకుంది. ఇంజను మోత విని హోటల్లో ఉన్నవాళ్లు చేతులు కడుక్కోకుండా బయటికి పరుగెత్తుకొచ్చారు. ఇదీ షోలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు. సెల్‌ఫోన్లు పైకి లేచాయి. లారీ పచ్చిక దిగి, బల్బుల తోరణాలు తెంపుకుంటూ గేటు దాకా వెళ్లేసరికి వాచ్‌మన్ సెల్యూట్ కొట్టి గేటు బార్లా తీశాడు. హర్షవర్ధన్ కూడా రోడ్డెక్కేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

పదిహేనేళ్ల తర్వాత లారీ హైవే మీద నడిచింది. దారిలో బంకు దగ్గర డీజిలు పోయించాడు. బస్సుల్లోవాళ్లు తలలు బయటపెట్టి చూశారు. బంగార్రాజు నలభై దాటనివ్వలేదు. గన్నవరం దాటుతుండగా గంగారత్నం, మీసాలు మాత్రం ఇంటికెళ్లగానే చెరిపెయ్యాలండీ అంది. అతను పెద్దగా నవ్వాడు. పదకొండు రోజుల్లో అదే మొదటిసారి.

ఆటోనగర్‌లో షెడ్డు ముందు జీపు కాచుకుని ఉంది. హర్షవర్ధన్ ఒక్క ఫోను చేశాడట. ఏ ఊళ్లో పోయింది, ఎవరి పరిధి, రసీదు ఉందా, ఇవేవీ ఎవరూ అడగలేదు. బంగార్రాజు కాళ్లరిగేలా పది రోజులు తిరిగినా పుట్టని కేసు అరగంటలో పుట్టింది. దొంగతనం కింద ఒకటి. ఫిట్‌నెస్ లేనందుకు, ఇన్సూరెన్సు లేనందుకు, పొగ సర్టిఫికెట్ లేనందుకు జరిమానాలు విడిగా. స్టేషనుకి తీసుకెళ్లాక రైటరు ఎఫ్ఐఆర్ కాగితం ముందుకి తోశాడు. పోయిన సొత్తు అన్నచోట, పురాతన బెడ్‌ఫోర్డ్ లారీ ఒకటి, విలువ పన్నెండు లక్షలు అని ఉంది.

బంగార్రాజు ఆ వరుస మీద వేలు పెట్టాడు.

"నా దగ్గర పోయినప్పుడు తుక్కన్నారు గదండీ. ఆయన దగ్గర పోతే లారీ అయిందా?"

పార్టీ ఎలా రాసిస్తే అలా ఎక్కించామన్నాడు రైటరు. అతని గొంతులో ఇబ్బంది కూడా లేదు. పూచీకత్తు మీద బంగార్రాజుని వదిలారు గానీ లారీని వదల్లేదు. అది కేసు సొత్తు. కోర్టు చెప్పేదాకా స్టేషను ఆవరణలోనే ఉంటుంది. పోనీ చక్రం ఒక్కటీ ఊడదీసి ఇంటికి తీసుకెళ్తానంటే, అది కూడా సొత్తులో భాగమేనన్నారు. చక్రిని మాత్రం సాక్షిగా పిలిచారు. దొంగగా కాదు, అమ్మిన పార్టీగా.

స్టేషను ఆవరణ ఎలా ఉంటుందో చూసినవాళ్లకి తెలుసు. పట్టుకొచ్చిన మోటారు సైకిళ్లు, ఆటోలు, ట్రాక్టర్లు గోడవారగా పిచ్చిమొక్కల్లో దిగబడి ఉంటాయి. తెచ్చిన రోజున అన్నిటికీ టైర్లుంటాయి. మూడు నెలలకి బ్యాటరీలుండవు, ఆరు నెలలకి టైర్లుండవు, ఏడాదికి సీట్లుండవు. లోపలినుంచి ఎవరు తీస్తారో ఎవరికీ తెలియదు, ఎందుకంటే కాపలా ఉండేది పోలీసులు. బంగార్రాజు ఆ వరుసని ఒకసారి కలయజూశాడు. మర్నాటినుంచి షెడ్డు తెరవడం మానేశాడు.

పొద్దున ఎనిమిదికి వచ్చి గేటుకి ఎదురుగా టీ బడ్డీ బల్ల మీద కూర్చుంటాడు. చీకటి పడ్డాక లేస్తాడు. మధ్యాహ్నం గంగారత్నం క్యారేజీ తెస్తుంది. వానొస్తే గొడుగు వేసుకుంటాడు. కొత్త కానిస్టేబులు ఒకతను వచ్చి, పెద్దాయనా, పోలీసు స్టేషనుకి నువ్వు కాపలా ఏంటి, నలుగురూ నవ్వుకుంటున్నారు అన్నాడు. నవ్వనివ్వండి అన్నాడు బంగార్రాజు. లాయరు పిటిషను వేశాడు. రెండు వాయిదాలు పడ్డాయి. ఒకసారి జడ్జిగారు సెలవు, ఒకసారి ఫైలు రాలేదు. రెండో వాయిదా రోజున కోర్టులో పొద్దుపోయింది. బల్ల మీద అతను లేని పగలు అదొక్కటే.

మర్నాడు వచ్చి గేటులోంచి చూసేసరికి లారీ ఒక పక్కకి ఒరిగి కనిపించింది. లోపలికి వెళ్లి చూశాడు. వెనక చక్రం ఒకటి లేదు. ఇరుసు కింద ఇటుకలు పేర్చి ఉన్నాయి. స్టెపినీ లేదు. నాగబాబు ఇచ్చిన బ్యాటరీ లేదు. బంగార్రాజు మిగిలిన చక్రాల నట్లు ఒక్కొక్కటీ పట్టి చూశాడు. తర్వాత చెప్పులు విడిచి మెట్లెక్కి, రైటరు బల్ల ముందు నిలబడ్డాడు. ఆరోజు అతని వెంటే వచ్చిన గంగారత్నం కూడా పక్కన నిలబడింది.

"కంప్లయింటు రాయాలండీ," అన్నాడు.

రైటరు తలెత్తలేదు. మళ్లీ ఏం పోయిందయ్యా అన్నాడు.

"లారీ చక్రం, స్టెపినీ, బ్యాటరీ."

"ఎక్కడ పోయినై?"

"ఇక్కడేనండీ. మీ కిటికీ అవతల."

రైటరు పెన్ను మూత తీసినవాడు తీసినట్టే ఆగిపోయాడు. కిటికీలోంచి ఒరిగిన లారీని చూశాడు. తర్వాత ఇద్దరి ముఖాలూ చూశాడు. వాళ్లని ఇప్పుడు ఏ స్టేషనుకి వెళ్లమని చెప్పాలో అతనికి తోచలేదు.